నొప్పి చికిత్స ఒప్పందంలో గంజాయి షరతు

అమెరికాలో దీర్ఘకాలిక నొప్పికి ఓపియాయిడ్ మందులు వాడే రోగుల్లో చాలామంది మందు చీటీతో పాటు ఒక పత్రం మీద సంతకం చేయవలసి ఉంటుంది. నొప్పి చికిత్స ఒప్పందంగా వ్యవహరించే ఆ పత్రంలో ఒకే వైద్యుడి దగ్గర మందు రాయించుకోవాలని, ఒకే మందుల దుకాణంలో కొనాలని, మాత్రలు పోయినా గడువుకు ముందు మళ్లీ అడగకూడదని, పిలిచినప్పుడు వచ్చి మూత్ర పరీక్షకూ మాత్రల లెక్కకూ లోబడాలని నియమాలు ఉంటాయి. వాటి నడుమ, చట్టవిరుద్ధమైన మత్తుపదార్థాలేవీ వాడకూడదన్న నియమం కూడా సాధారణంగా కనిపిస్తుంది. గంజాయి ఈ నియమం కిందికి వస్తుందా అన్న ప్రశ్నకు ఆ దేశంలో రాష్ట్రానికొక తీరుగా, ఒకే ఊరిలో క్లినిక్‌కొక తీరుగా జవాబు దొరుకుతున్నది. ఈ అనిశ్చితికి మూల్యం చెల్లిస్తున్నది ప్రధానంగా రోగి కాబట్టి, ఈ షరతును నేరచట్టం నుంచి విడదీసి, రోగి క్షేమమే కొలమానంగా తిరిగి రాయవలసిన అవసరం ఉంది.

తెలుగు పాఠకుడికి గంజాయి అన్న మాట వినగానే అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గ్రామాల సాగు, చెక్‌పోస్టుల దగ్గర పట్టుబడిన బస్తాలు, 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం కింద నమోదైన కేసులు గుర్తుకు రావడం సహజం. ఇక్కడ చర్చిస్తున్నది ఆ వ్యాపారం గురించి కాదు. వెన్ను శస్త్రచికిత్స తరువాత ఏళ్ల తరబడి తగ్గని నొప్పితో, నరాల దెబ్బతో, కీళ్లవాతంతో బతుకుతూ, వైద్యుడు రాసిన మాత్రకు తోడుగా రాత్రి నిద్ర కోసం గంజాయిని ఆశ్రయించే మనిషి గురించి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమైన సీడీసీ 2016 నాటి సర్వే ఆధారంగా వేసిన అంచనా ప్రకారం అక్కడి వయోజనుల్లో ప్రతి ఐదుగురిలో ఒకరు దీర్ఘకాలిక నొప్పితో, అంటే గడిచిన ఆరు నెలల్లో చాలా రోజులు గానీ ప్రతిరోజూ గానీ బాధించిన నొప్పితో ఉన్నారు.

ఈ ఒప్పందాలు ఎందుకు పుట్టాయో తెలియకుండా వాటిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఓపియాయిడ్లంటే నల్లమందు నుంచి తీసే మార్ఫిన్, దానిని పోలిన ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్, ఫెంటనిల్ వంటి మందులు. ఇవి మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే గ్రాహకాలను పట్టుకుని నొప్పి సంకేతాన్ని తగ్గిస్తాయి, మోతాదు మించితే శ్వాసను కూడా ఆపేస్తాయి. 1996లో పర్డ్యూ ఫార్మా ఆక్సికాంటిన్ అనే ఆక్సికోడోన్ మాత్రను మార్కెట్లోకి తెచ్చి, దాని వ్యసన ప్రమాదాన్ని తక్కువ చేసి ప్రచారం చేసిన కాలంలోనే ఈ మందుల వాడకం విపరీతంగా పెరిగింది. రాష్ట్ర వైద్య మండళ్ల సమాఖ్య 1998లో విడుదల చేసిన నమూనా మార్గదర్శకాల్లో, మందు దుర్వినియోగమయ్యే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోగుల విషయంలో రాతపూర్వక ఒప్పందాన్ని పరిశీలించవచ్చని సూచించింది. కొందరి కోసం చేసిన ఆ సూచన, మరణాల సంఖ్య పెరిగేకొద్దీ, అనేక క్లినిక్‌లలో అందరికీ వర్తించే నియమంగా మారింది. ఓపియాయిడ్ల అధిక మోతాదు వల్ల 2017 ఒక్క సంవత్సరంలోనే దాదాపు 47,600 మంది చనిపోయిన దేశంలో, వైద్యులు కాగితం మీద రక్షణ వెతుక్కోవడాన్ని అర్థం చేసుకోవచ్చు. అయితే ఆ కాగితం రోగిని నిజంగా రక్షిస్తున్నదా అన్నది వేరే విషయం. ఒప్పందాలు, మూత్ర పరీక్షలపై అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించి 2010లో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ ప్రచురించిన సమీక్ష, ఇవి దుర్వినియోగాన్ని తగ్గిస్తాయనడానికి ఉన్న ఆధారం బలహీనమని తేల్చింది.

గంజాయి విషయంలో ఒప్పందం మరింత చిక్కుపడడానికి కారణం చట్టమే. 1970 నాటి సమాఖ్య చట్టం నియంత్రిత పదార్థాలను ఐదు షెడ్యూళ్లుగా విభజించి, వైద్యంలో అంగీకృత ఉపయోగం లేనివిగా, దుర్వినియోగానికి ఎక్కువ అవకాశం ఉన్నవిగా భావించిన వాటిని మొదటి షెడ్యూల్‌లో పెట్టింది. హెరాయిన్‌తో పాటు గంజాయిని కూడా అక్కడే చేర్చింది. ఆక్సికోడోన్, ఫెంటనిల్ మాత్రం రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు 215వ ప్రతిపాదనను ఆమోదించి, వైద్యుడి సిఫారసుతో గంజాయి వాడే రోగులకు రాష్ట్ర చట్టం నుంచి రక్షణ కల్పించారు. తరువాతి కాలంలో సగానికి పైగా రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో ఆ దారి పట్టాయి. సిఫారసు చేసిన వైద్యులకు నియంత్రిత మందులు రాసే అనుమతిని సమాఖ్య ప్రభుత్వం రద్దు చేయబోగా, 2002లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం రోగితో గంజాయి గురించి మాట్లాడడం, సిఫారసు చేయడం వైద్యుడి వాక్‌స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పింది. 2005లో సుప్రీంకోర్టు మాత్రం, రాష్ట్రం అనుమతించినా, సొంత వాడకం కోసమే పెంచినా సమాఖ్య నిషేధం వర్తిస్తుందని 6-3 మెజారిటీతో తేల్చింది. ఈ రెండు తీర్పుల నడుమ నిలిచిన రోగి, రాష్ట్రం ఇచ్చిన కార్డు జేబులో పెట్టుకుని, 'చట్టవిరుద్ధమైన పదార్థాలు వాడను' అన్న వాక్యం కింద సంతకం చేస్తున్నాడు. అతడు అబద్ధమాడుతున్నాడో లేదో ఆ వాక్యం రాసినవారే చెప్పలేని స్థితి ఇది.

సంతకం తరువాతి ఘట్టం మూత్ర పరీక్ష. ఈ పరీక్ష ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలుసుకోవడం చాలా ముఖ్యం, ఎందుకంటే రోగి భవితవ్యాన్ని ఎక్కువసార్లు నిర్ణయించేది ఆ ఒక్క ఫలితమే. గంజాయిలో మత్తునిచ్చే ప్రధాన రసాయనం టీహెచ్‌సీ. శరీరం దానిని మార్చగా ఏర్పడిన, మత్తు గుణం లేని కార్బాక్సీ టీహెచ్‌సీ అనే పదార్థాన్ని ఈ పరీక్ష వెతుకుతుంది. మొదట ప్రతిరక్షకాల సాయంతో జరిగే ఇమ్యునోఅస్సే అనే వడపోత పరీక్ష చేసి, మిల్లీలీటరుకు సాధారణంగా 50 నానోగ్రాముల గీతను దాటితే పాజిటివ్‌గా లెక్కిస్తారు. కచ్చితమైన నిర్ధారణకు గ్యాస్ క్రొమాటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ వంటి ఖరీదైన పద్ధతులు అవసరం. టీహెచ్‌సీ కొవ్వులో నిల్వ ఉండి నెమ్మదిగా బయటికి వస్తుంది కాబట్టి, ఒక్కసారి వాడినవారిలో మూడు నాలుగు రోజుల్లో కనుమరుగయ్యే ఈ పదార్థం రోజూ వాడేవారిలో మానేసిన నెల రోజుల తరువాత కూడా కనిపించవచ్చు. రోగి ఎంత తీసుకున్నాడు, ఎప్పుడు తీసుకున్నాడు, పరీక్ష సమయానికి మత్తులో ఉన్నాడా, గంజాయికి బానిసయ్యాడా అన్న వైద్యపరమైన ప్రశ్నల్లో ఒక్కదానికైనా ఈ ఫలితం జవాబు ఇవ్వదు.

అంతేకాక, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1985లోనే ఆమోదించిన డ్రోనాబినాల్ అనే కృత్రిమ టీహెచ్‌సీ మాత్రను కీమోథెరపీ వాంతులకు వైద్యుడే రాసినా మూత్ర పరీక్ష పాజిటివ్ వస్తుంది. 2018 వ్యవసాయ చట్టం 0.3 శాతానికి మించి టీహెచ్‌సీ లేని గంజాయి రకమైన జనపను (హెంప్) నిషేధం నుంచి తొలగించిన తరువాత, దాని నుంచి తీసే, మత్తు కలిగించని సీబీడీ నూనెలు దుకాణాల్లో విరివిగా దొరుకుతున్నాయి. 2017లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ప్రచురించిన ఒక పరిశీలనలో, ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తుల్లో పద్దెనిమిదింటిలో టీహెచ్‌సీ బయటపడింది. మోకాళ్ల నొప్పికి సీబీడీ చుక్కలు వేసుకున్న వృద్ధురాలు, తాను గంజాయి వాడానని ఊహించకుండానే ఒప్పందాన్ని ఉల్లంఘించినదిగా తేలే అవకాశం ఉందన్నమాట. సీడీసీ 2016లో విడుదల చేసిన ఓపియాయిడ్ మార్గదర్శకాలు, టీహెచ్‌సీ పాజిటివ్ ఫలితానికి వైద్యపరంగా ఏ అర్థం చెప్పుకోవాలో స్పష్టత లేదని నిపుణుల అభిప్రాయంగా పేర్కొన్నాయి; చికిత్సను ఏ విధంగానూ మార్చని పదార్థాల కోసం పరీక్షించడం అనవసరమన్నాయి; మూత్ర పరీక్ష ఫలితం చూసి రోగిని వెళ్లగొట్టవద్దని కూడా చెప్పాయి. అయినా అదే మార్గదర్శకాల పేరు చెప్పి రోగులను వదిలించుకున్న క్లినిక్‌లు ఉండడం విచారకరం. ఆ పత్రాన్ని తప్పుగా అన్వయిస్తున్నారని దాన్ని రాసినవారే 2019లో వైద్య పత్రికలో బహిరంగంగా చెప్పవలసి వచ్చింది.

మరి గంజాయి నొప్పికి మందా? ఈ ప్రశ్నకు ఉత్సాహంతోనూ భయంతోనూ కాక, ఉన్న ఆధారాలతో జవాబు చెప్పాలి. అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీలు 2017లో విడుదల చేసిన విస్తృత నివేదిక, వయోజనుల దీర్ఘకాలిక నొప్పికి గంజాయి పనిచేస్తుందనడానికి గణనీయమైన ఆధారం ఉందని పేర్కొంది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2021లో దీనికి భిన్నంగా, అందుబాటులో ఉన్న పరీక్షల నాణ్యత చాలదంటూ నొప్పికి గంజాయి పదార్థాల వాడకాన్ని తాము సమర్థించలేమని ప్రకటించింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డోనాల్డ్ అబ్రామ్స్ బృందం 2011లో మార్ఫిన్ లేదా ఆక్సికోడోన్ వాడుతున్న 21 మంది రోగులకు ఆవిరి రూపంలో గంజాయి ఇచ్చినప్పుడు నొప్పి తగ్గింది, రక్తంలో ఓపియాయిడ్ స్థాయి పెరగలేదు. కానీ అది చిన్న ప్రయోగం, కొద్ది రోజుల ప్రయోగం. ఆస్ట్రేలియాలో ఓపియాయిడ్లు వాడే 1,514 మందిని నాలుగేళ్లు గమనించి 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో ప్రచురించిన అధ్యయనంలో, గంజాయి వాడినవారికి నొప్పి తగ్గిందనడానికి గానీ, వారు ఓపియాయిడ్లను తగ్గించుకున్నారనడానికి గానీ ఆధారం దొరకలేదు.

రాష్ట్రాల స్థాయిలో తీసిన లెక్కలు ఇంకా పెద్ద పాఠం నేర్పాయి. 1999 నుంచి 2010 వరకు సమాచారాన్ని పరిశీలించిన ఒక బృందం, వైద్య గంజాయి చట్టాలున్న రాష్ట్రాల్లో ఓపియాయిడ్ మరణాల రేటు సగటున 24.8 శాతం తక్కువగా ఉందని 2014లో ప్రకటించగా, పత్రికలూ గంజాయి వ్యాపారులూ ఆ సంఖ్యను చేతబట్టుకున్నారు. 2019లో మరొక బృందం అదే పద్ధతిని 2017 వరకు పొడిగించి చూసేసరికి సంబంధం తలకిందులై, ఆ రాష్ట్రాల్లోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. గంజాయి మరణాలను తగ్గించిందని గానీ, పెంచిందని గానీ ఈ లెక్కలు రుజువు చేయవు. రాష్ట్రాల సగటు నుంచి వ్యక్తి వైద్యం గురించి నిర్ణయానికి రావడమే పొరపాటు. ఇలినాయ్ రాష్ట్రం 2018లో చేసిన చట్టం ద్వారా, ఓపియాయిడ్ రాయదగిన రోగి దానికి బదులుగా గంజాయి పొందే ఏర్పాటు చేసింది. ఆ నిర్ణయం వెనుక సానుభూతి ఉంది, కానీ నిర్ధారిత ఫలితం లేదు.

ప్రమాదాలు కూడా ఊహాజనితం కావు. గంజాయి, ఓపియాయిడ్ కలిసినప్పుడు మగత పెరుగుతుంది, వాహనం నడపడంలో అప్రమత్తత తగ్గుతుంది, వయసు మళ్లినవారిలో పడిపోయే అవకాశం ఎక్కువవుతుంది. సీబీడీ కాలేయంలో అనేక మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైములను అడ్డుకుంటుంది కాబట్టి ఇతర మందుల మోతాదు రక్తంలో మారవచ్చు. 1995లో దాదాపు 4 శాతంగా ఉన్న అక్రమ గంజాయి టీహెచ్‌సీ పాలు 2014 నాటికి 12 శాతానికి చేరిందని అక్కడ పట్టుబడిన నమూనాల విశ్లేషణ తెలిపింది. దుకాణాల్లో అమ్మే సాంద్రీకృత పదార్థాల్లో అది ఇంకా చాలా ఎక్కువ. వాడేవారిలో కొందరికి వ్యసనం కలుగుతుంది, మానసిక వ్యాధి ఉన్నవారికి హాని జరుగుతుంది. ఈ ప్రమాదాలన్నీ నిజమైనవే కాబట్టి, రోగి గంజాయి వాడుతున్న సంగతి వైద్యుడికి తెలియడం అత్యవసరం. నిషేధ షరతు సరిగ్గా ఆ తెలియడాన్నే అడ్డుకుంటున్నది. చెబితే మందు ఆగిపోతుందని తెలిసిన రోగి నోరు మెదపడు. పరీక్షకు ముందు కొన్ని వారాలు మానేసి, ఆ తరువాత తిరిగి మొదలుపెడతాడు. మోతాదు నిర్ణయించే వైద్యుడు సగం సమాచారంతోనే నిర్ణయిస్తాడు.

ఒప్పందం తెగి మందు ఆగిపోయాక ఏమవుతుందన్నది అన్నిటికంటే స్పష్టంగా చూపిన పరిశోధన 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. అమెరికా మాజీ సైనికుల ఆరోగ్య వ్యవస్థలో ఓపియాయిడ్లు పొందిన సుమారు 14 లక్షల మందిని పరిశీలించిన ఆ బృందం, మందు ఆపివేసిన తరువాత అధిక మోతాదు వల్లనో ఆత్మహత్య వల్లనో చనిపోయే ప్రమాదం పెరిగిందని, ఎక్కువ కాలం మందు వాడినవారిలో ఆ ప్రమాదం మరింత ఎక్కువగా ఉందని కనుగొంది. మందుకు శరీరం అలవాటుపడిన రోగికి హఠాత్తుగా ఆపితే తీవ్రమైన బాధ, నొప్పి తిరిగి రావడం, ఆత్మహత్య ఆలోచనలు కలుగుతాయని ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. వైద్యుడు వదిలేసిన మనిషి నొప్పిని వదులుకోలేడు. వీధిలో దొరికే ఫెంటనిల్ కలిసిన మాత్రల దారి అతనికి తెరిచే ఉంటుంది. మూత్రంలో గంజాయి ఆనవాలు కనిపించినందుకు, గంజాయికంటే ఎన్నో రెట్లు ప్రాణాంతకమైన పదార్థం వైపు రోగిని నెట్టడాన్ని ఏ వైద్య నీతీ సమర్థించదు.

శిక్ష అందరికీ సమానంగా పడడం లేదన్న సాక్ష్యం కూడా ఆ మాజీ సైనికుల వ్యవస్థ నుంచే వచ్చింది. 2000 నుంచి 2010 వరకు రికార్డులను చూసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, గంజాయి ఆనవాలు దొరికిన రోగుల్లో ఎక్కువమందికి వైద్యులు ఓపియాయిడ్లు కొనసాగించినా, ఆపివేసిన సందర్భాలు శ్వేతజాతి రోగులతో పోలిస్తే నల్లజాతి రోగుల్లో దాదాపు రెండు రెట్లు. ఒకే పరీక్ష ఫలితానికి రోగి ఒంటి రంగును బట్టి వేర్వేరు పర్యవసానాలు ఉన్నాయంటే, అస్పష్టమైన షరతు పక్షపాతానికి చోటిచ్చిందని గ్రహించాలి.

అయితే అదే వ్యవస్థ మంచి నమూనాను కూడా అందించింది, దాని గురించి బయట తగినంత చర్చ జరగలేదు. సమాఖ్య సంస్థ కాబట్టి మాజీ సైనికుల శాఖ వైద్యులు గంజాయిని సిఫారసు చేయలేరు, రాష్ట్రాల దరఖాస్తులు నింపలేరు. అయినా 2010 జులైలో ఆ శాఖ ఆరోగ్య విభాగపు అధిపతి రాబర్ట్ పెట్జెల్, రాష్ట్ర చట్టం ప్రకారం గంజాయి వాడుతున్న మాజీ సైనికుడికి కేవలం పాజిటివ్ ఫలితం ఆధారంగా ఓపియాయిడ్ నొప్పి చికిత్సను నిరాకరించనక్కరలేదని రాతపూర్వకంగా స్పష్టం చేశారు. ఆ నెలలోనే వెలువడిన ఆదేశం, రాష్ట్ర కార్యక్రమంలో చేరినందుకు రోగికి సేవలు నిరాకరించరాదని, చికిత్సలో మార్పు అవసరమా అన్నది ప్రతి రోగి విషయంలో వైద్యుడు విడిగా తేల్చాలని చెప్పింది. 2017 డిసెంబరులో దానిని మరింత వివరంగా కొత్త ఆదేశంగా మార్చి, రోగులతో గంజాయి వాడకం గురించి మాట్లాడాలని వైద్యులను కోరింది. అంతకు ముందే, 2014 మేలో, మరొక అడుగు వేసి, ఓపియాయిడ్ ఒప్పందాల స్థానంలో సమాచారపూర్వక సమ్మతి పత్రాన్ని తెచ్చింది. ఒప్పందం రోగి చేయకూడని పనులు చెబుతుంది, సమ్మతి పత్రం మందు వల్ల కలిగే లాభనష్టాలు రోగికి వివరించి, వాటిని అర్థం చేసుకున్నాడని నమోదు చేస్తుంది. మొదటిది క్రమశిక్షణ కోసం, రెండోది వైద్యం కోసం. ఒక సమాఖ్య సంస్థ, సమాఖ్య నిషేధం అమల్లో ఉండగానే, తన చేతుల్లో ఉన్నంతమేరకు రోగి పక్షాన నిలబడగలిగింది. ఆ నిషేధమే తమ చేతులు కట్టేసిందనే ప్రైవేటు క్లినిక్‌ల వాదం దీని ముందు నిలవదు.

వైద్యుల భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఓపియాయిడ్ రాయడానికి మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ దగ్గర నమోదు ఉండాలి. ఆ నమోదు పోతే వృత్తే పోయినట్టు. రోగి చనిపోతే కేసులో మొదట బయటికి తీసేది ఒప్పందాన్నీ, మూత్ర పరీక్ష ఫలితాన్నీ. పాజిటివ్ ఫలితాన్ని చూసి ఏమీ చేయకపోవడం నిర్లక్ష్యమే. రోగిని పంపించేయడం మాత్రం దానికి విరుగుడు కాదు. ఫలితాన్ని రోగితో చర్చించి, నిర్ధారణ పరీక్ష చేయించి, ఎంత గంజాయి, ఎందుకు, ఏ రూపంలో వాడుతున్నాడో అడిగి, మగత, డ్రైవింగ్, వ్యసన లక్షణాలను పరిశీలించి, అవసరమైతే ఓపియాయిడ్ మోతాదును నెమ్మదిగా తగ్గించి, అదంతా రికార్డులో రాసిన వైద్యుడికి ఏ విచారణలోనైనా ఉండే రక్షణ, ముద్రించిన వాక్యం ఇచ్చే రక్షణ కంటే బలమైనది. ఒప్పందంలో గంజాయిని 'చట్టవిరుద్ధ పదార్థాల' పద్దు నుంచి తీసి విడిగా రాయాలి. వాడితే ముందే చెప్పాలని రోగిని కోరాలి. చెప్పినందుకు చికిత్స ఆగదని వైద్యుడు మాట ఇవ్వాలి. ఏ పరిస్థితుల్లో మోతాదు మారుతుందో స్పష్టం చేయాలి. క్లినిక్ మారవలసి వచ్చినా, కొత్త వైద్యుడు దొరికేవరకు మందు కొనసాగుతుందన్న హామీ ఉండాలి. రాష్ట్ర వైద్య మండళ్లు నమూనా పత్రాలను ఈ తీరుగా సవరిస్తే క్లినిక్‌లు అనుసరించడం కష్టం కాదు.

న్యూజెర్సీలోనూ టెక్సాస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో మరొక ప్రమాదం ఉంది, అది వైద్యుడి గదితో ఆగదు. అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ 2019 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, రాష్ట్రంలో అనుమతి ఉన్నా సమాఖ్య చట్టానికి విరుద్ధమైన గంజాయి కార్యకలాపం పౌరసత్వానికి అవసరమైన సత్ప్రవర్తన నిర్ధారణకు అడ్డంకి కావచ్చు. పౌరులు కానివారు నియంత్రిత పదార్థాలకు సంబంధించిన నేరపు అంశాలను తామే ఒప్పుకుంటే, కేసు లేకపోయినా దేశంలోకి ప్రవేశం నిరాకరించే వీలు వలస చట్టంలో ఉంది. హెచ్1బీ వీసాతోనో గ్రీన్‌కార్డుతోనో ఉండి, వెన్నునొప్పికి చికిత్స పొందుతున్న ఉద్యోగికి రాష్ట్రం ఇచ్చిన గంజాయి కార్డు కూడా, క్లినిక్ ఫైలులో పడిన ఒక వాక్యం కూడా ఈ దృష్టితో భారమే. కనుక ఒప్పందం ఇచ్చే వైద్యుడు, రోగి చెప్పే మాటలో ఏది రికార్డులో చేరుతుందో, ఆ రికార్డును ఎవరు ఏ అధికారంతో చూడగలరో సంతకానికి ముందే వివరించడం వారికి సంబంధించినంతవరకు మందు మోతాదంత ముఖ్యం. పౌరులు కానివారు కార్డు తీసుకునే ముందే వలస న్యాయవాదిని సంప్రదించాలని సూచించే వాక్యం ఒకటి ఆ పత్రంలోనే ఉండాలి.